ఆరేళ్లుగా వాడుతున్న థిక్‌నెస్ ప్లేనర్, చెక్క కొసన పడే స్నైప్

చెక్క పలకను చెక్కి అంతటా ఒకే మందానికి తెచ్చే మెషిన్, బల్ల మీద పెట్టుకుని వాడే 13 అంగుళాల థిక్‌నెస్ ప్లేనర్, ఆరేళ్లుగా నా దగ్గర ఉంది. మూడు బ్లేడ్లు బిగించి గిరగిరా తిరిగే కట్టర్‌హెడ్, దానికి అటూ ఇటూ పలకను లాగే రెండు రబ్బరు రోలర్లు, ముందూ వెనకా మడతపెట్టుకునే చిన్న టేబుళ్లు. చేత్తో చిత్రిక పడితే ఒక పూట పట్టే పని దీని మీద పది నిమిషాల్లో అయిపోతుంది. చప్పుడు మాత్రం భరించలేనంత, చెవులు మూసుకోకుండా ఎప్పుడూ ఆన్ చేయను. ఈ మెషిన్ గురించి ఎక్కువగా చెప్పాల్సింది స్నైప్ విషయమే. మొదటి ఏడాదంతా అది నన్ను బాగా సతాయించింది.

పలక మెషిన్‌లోకి వెళ్లేటప్పుడు మొదటి రెండు, రెండున్నర అంగుళాలు, బయటికి వచ్చేటప్పుడు చివరి రెండు, రెండున్నర అంగుళాలు మిగతా పలక కంటే లోతుగా చెక్కుకుపోవడమే స్నైప్. వెంటనే కంటికి కనిపించదు. ఒక పుస్తకాల అల్మారా చేసినప్పుడు నాకు తెలిసింది. పాలిష్ రెండో కోటు ఆరాక కిటికీ వెలుతురులో ఏటవాలుగా చూస్తే, కొసకు కాస్త ఇవతల అడ్డంగా ఒక గీత. వేలితో రాస్తే చిన్న గట్టు దిగినట్టు తగిలింది. కాలిపర్ పెడితే పలక మధ్యలో 19.0 మిల్లీమీటర్లు, కొసన 18.8. రెండు పదోవంతులే అనిపిస్తుంది గానీ, మూలన జాయింట్ కలిపినప్పుడు ఆ రెండు పదోవంతులే సందుగా మిగులుతాయి.

ఆ గీత కొస నుంచి 62 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. అనుమానం వచ్చి, ప్లగ్ పీకేసి, పై కవర్ తీసి, బ్లేడు నుంచి రోలర్ వరకు ఎంత ఉందో కొలిచాను. అదీ దాదాపు అంతే. విషయం అక్కడ అర్థమైంది. పలక నడిమి భాగం బ్లేడు కింద ఉన్నప్పుడు రెండు రోలర్లూ దాన్ని నొక్కి పట్టుకుంటాయి. లోపలికి వెళ్లేటప్పుడు ముందు రోలర్ ఒక్కటే, బయటికి వచ్చేటప్పుడు వెనక రోలర్ ఒక్కటే పట్టు. బయట వేలాడే భాగం బరువుకు కిందికి వాలితే, లోపలి కొస తూగుడుబల్లలా పైకి లేచి బ్లేడుకు ఎక్కువగా తగులుతుంది. పైగా ఇలాంటి చిన్న మెషిన్లలో కట్టర్‌హెడ్ మొత్తం నాలుగు స్తంభాల మీద పైకీ కిందికీ కదులుతుంది. ఒక వైపు రోలర్ మీదే ఒత్తిడి పడితే ఆ హెడ్ కూడా వెంట్రుకవాసి ఒరుగుతుంది.

నా మెషిన్‌కు హెడ్ లాక్ ఉంది, అంటే కట్టర్‌హెడ్ కదలకుండా బిగించే మీట. కొన్నప్పుడు దాని మీద చాలా ఆశ పెట్టుకున్నాను. లాక్ వేసి తోస్తే 18.8 కాస్తా 18.85 అయింది, అంతకు మించి మార్పు లేదు. ఇప్పటికీ ప్రతిసారీ వేస్తాను, కానీ కేవలం లాక్ చూసి మెషిన్ ఎంచుకోమని ఎవరికీ చెప్పను.

తర్వాత అందరూ చెప్పే పద్ధతి పట్టుకున్నాను. పలక లోపలికి వెళ్తుంటే వెనక కొసను కొద్దిగా పైకెత్తి పట్టుకోవడం, అవతలి రోలర్ అందుకున్నాక వదిలేసి, చుట్టూ తిరిగి వెళ్లి బయటికి వస్తున్న కొసను ఎత్తి పట్టుకోవడం. పొడుగు పలకలకు ఇది బాగా పనిచేస్తుంది, నేటికీ మానలేదు. కానీ ఇరవయ్యో పలక దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అలిసిపోతుంది, ఒక్కో పలకకు ఒక్కో ఎత్తు పడుతుంది. మీటరు కంటే పొట్టి పలకకు అవతలి వైపు తిరిగి వెళ్లేలోపే అది బయటికి వచ్చేస్తుంది.

అసలు తేడా తెచ్చింది టేబుళ్లు సరిచేయడం. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు నా టేబుళ్ల బయటి అంచులు బెడ్ (బ్లేడ్ల కింద పలక జారే చదునైన భాగం) కంటే కిందికి వాలి ఉన్నాయి. అంటే పలక వాలేందుకు మెషినే దారి ఇస్తోంది. టేబుల్ కింద రెండు స్టాప్ బోల్టులు, వాటికి లాక్ నట్లు ఉంటాయి. పొడవాటి, నిక్కచ్చిగా తిన్నగా ఉన్న స్టీల్ స్కేలును రెండు టేబుళ్లకూ బెడ్‌కూ మీదుగా పరిచి, దాని రెండు చివర్లూ టేబుళ్ల బయటి అంచుల మీద ఆనేదాకా ఆ బోల్టులు తిప్పాను. మధ్యలో బెడ్‌కూ స్కేలుకూ నడుమ 0.7 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) దూరేంత సందు ఉంచాను. చేత్తో ఎత్తి పట్టుకునే పనిని ఇప్పుడు టేబులే చేస్తుంది, అలసిపోకుండా, ప్రతి పలకకూ ఒకే ఎత్తులో. ఎక్కువైతే ఇంకా మంచిదేమోనని ఒకసారి 2 మిల్లీమీటర్ల దాకా ఎత్తాను. సన్నటి పలకలు వంగి లోపలికి వెళ్లాయి, మందం ఒక్కతీరుగా రాలేదు. మళ్లీ 0.7కే తెచ్చాను. ఆ రోజు అదే చెక్క తోస్తే మధ్యకూ కొసకూ తేడా 0.04. వేలికి తెలియనే లేదు. నా మెషిన్‌కు కుదిరిన కొలత ఇది, మీ మెషిన్‌కు అర మిల్లీమీటరు చాలవచ్చు, ఒకటి దాకా కావాల్సి రావచ్చు. పనికిరాని ముక్క తోస్తూ కొలుచుకోవాలి.

బ్లేడ్లు మొద్దుబారితే ఇంత చేసినా స్నైప్ తిరిగి వస్తుంది. పదునున్న బ్లేడు కోస్తుంది, మొద్దు బ్లేడు చెక్కను కొడుతూ హెడ్‌ను పైకి తోస్తుంది. కొసలో తేడా మెల్లగా పెరుగుతుంటే నేను ముందు బ్లేడ్లే చూస్తాను. బెడ్‌కు అప్పుడప్పుడు పేస్ట్ వ్యాక్స్ రాస్తే చెక్క ఆగకుండా జారుతుంది. సిలికాన్ కలిసినవి వద్దు, అది చెక్కకు అంటితే తర్వాత పాలిష్ చెడుతుంది. చివరి పాస్‌లో, అంటే పలకను చివరిసారి తోసినప్పుడు, చెక్కే లోతును ఎప్పుడూ 0.4 మిల్లీమీటర్లు దాటనివ్వను.

ఖరీదైన చెక్క, పొడవు వదులుకోలేని పలక అయితే ఇంకో పని చేస్తాను. రెండు పక్కలా అదే మందం ఉన్న నాసిరకం రీపర్లను, రెండు కొసల్లోనూ నాలుగంగుళాలు బయటికి ఉండేలా, హాట్ గ్లూతో అంటిస్తాను. రోలర్లు ముందుగా రీపర్లను అందుకుంటాయి, చివరగా వాటినే వదులుతాయి. స్నైప్ ఏదైనా పడితే వాటికే పడుతుంది. ఒకే మందం పలకలు చాలా ఉంటే గ్లూ అక్కర్లేదు, ఒకదాని వెనక ఒకటి కొస కొస ఆనిస్తూ రైలు పెట్టెల్లా తోస్తాను, మొదటా చివరా మాత్రం పాత ముక్కలు. పొట్టి ముక్కల విషయంలో జాగ్రత్త. రెండు రోలర్ల మధ్య దూరానికి సరిపోనిదాన్ని ఒంటరిగా తోస్తే లోపల అడ్డం తిరిగి విసిరేస్తుంది. 35 సెంటీమీటర్లు లేనిది నేను రీపర్లు లేకుండా తోయను.

ఇప్పటికే స్నైప్ పడిన పలకను బాగుచేయాలంటే మొదట ఒప్పుకోవాల్సింది, పల్లం నిండదు, మిగతాది దిగాలి. కొసను మాత్రమే శాండ్ పేపర్‌తో రుద్దితే గీత చెరిగిపోయినట్టు కనిపిస్తుంది గానీ పల్లం ఇంకా లోతవుతుంది. ఆ తప్పు నేను అల్మారా పలకల మీద చేశాను. పదోవంతు మిల్లీమీటరు లోపు తేడా అయితే పలక మీద పొడుగునా పెన్సిల్ గీతలు గీసి, పదునైన కార్డ్ స్క్రేపర్‌తో (చెక్కను పలచగా గీకే ఉక్కు రేకు) మధ్య నుంచి కొస వైపు లాగుతాను. కొసన గీతలు మిగిలి, మధ్యలో చెరుగుతూ వస్తాయి. చివరికి కొస గీతలు కూడా ఒక్కసారి చెరిగాయంటే రెండూ కలిశాయన్నమాట. అంతకంటే ఎక్కువ తేడా ఉంటే స్క్రేపర్‌తో కుస్తీ పట్టను. రీపర్లు అంటించి తేలికపాటి పాస్ ఇంకొకటి తీస్తాను, మందం కాస్త తగ్గినా పలక దక్కుతుంది. పొడవు చాలినంత ఉంటే కొస కోసేయడం అన్నిటికంటే తేలిక, అందుకే ముందే ప్రతి కొసకూ మూడంగుళాలు ఎక్కువ ఉంచుకుంటాను.

ఇది ఎత్తి తిప్పుకునే మెషిన్ కాబట్టి టేబుళ్లు మడిచి తెరిచే కొద్దీ బోల్టులు కదులుతాయి. రెండు నెలలకోసారి స్కేలు పరిచి చూస్తాను. మొన్న చూస్తే వెనక టేబుల్ కొంచెం దిగింది, ఫీలర్ గేజ్ 0.4కే బిగుసుకుంది. నట్టు వదులు చేసి, బోల్టును అర చుట్టు తిప్పి బిగించి, ఒక పాత రీపర్ తోసి కొలిచాను. మధ్యలో 20.10, కొసన 20.07.