కోచ్‌ను మార్చాలా, కోచ్‌ను తెచ్చేవాళ్లనా?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో నాది మాంచెస్టర్ యునైటెడ్, మా బావమరిదిది లివర్‌పూల్. పండక్కి నల్లగొండ వచ్చాడంటే పొద్దున్నే ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో నడక, తర్వాత చాయ్, చాయ్‌తో పాటు నాకు చురకలు. "బావా, మీవోళ్లు ఈసారి ఎవర్ని పీకుతున్నరు?"

2013లో కోచ్ ఫెర్గూసన్ దిగిపోయేనాటికి యునైటెడ్ ఖాతాలో 20 లీగ్ టైటిళ్లు. తర్వాత ఒక్కటీ కలవలేదు. ఆయన జాగాలో వచ్చిన మోయెస్‌కు ఆరేళ్ల కాంట్రాక్టు ఇచ్చి పది నెలలకే పంపించారు. వాన్ హాల్‌ను 2016లో ఎఫ్ఏ కప్ గెలిచిన రెండు రోజులకే సాగనంపారు. మౌరిన్యో, సోల్షా, టెన్ హాగ్... నేనూ వరసబెట్టి అందర్నీ తిట్టినవాణ్ణే.

మరి కోచ్‌ను మార్చకుండా ఓపిక పడితే మేలా? సోల్షాకు దాదాపు మూడేళ్లు ఇచ్చారు, ఒక్క కప్పూ రాలేదు. అటు లండన్ క్లబ్ చెల్సీని చూడండి. దాని ఓనర్ అబ్రమోవిచ్ కోచ్‌లను చొక్కాల్లా మార్చాడు. 2012లో డి మాటెయో మార్చిలో వచ్చి మేలో యూరప్ క్లబ్‌ల పెద్ద కప్పు చాంపియన్స్ లీగ్ తెచ్చాడు. 2021లో జనవరిలో వచ్చిన టూకెల్‌దీ అదే కథ. కాబట్టి మార్చడం తప్పు, ఆగడం ఒప్పు అని గీత గీయలేం. నేను చాలా ఏళ్లు అక్కడే ఇరుక్కుపోయాను.

మా జిల్లాలో బోరు మీద బోరు వేసి అప్పులపాలైన రైతులెందరో. ఒకటి ఎండితే పక్కన ఇంకోటి. బండివాణ్ణి తిడతారు, మోటారును తిడతారు. పాయింట్ చూసిందెవరు, కొబ్బరికాయతో చూశాడా, మిషన్‌తో చూశాడా అన్నది మాత్రం అప్పు తీర్చేటప్పుడే గుర్తొస్తుంది.

యునైటెడ్‌లో పాయింట్ చూసింది, అంటే కోచ్‌లను తెచ్చింది, ఎడ్ వుడ్‌వర్డ్. బ్యాంకింగ్ నుంచి వచ్చిన మనిషి, స్పాన్సర్లను తేవడంలో దిట్ట. ఫెర్గూసన్‌తో పాటే పాత సీఈవో డేవిడ్ గిల్ కూడా వెళ్లిపోవడంతో ఆటగాళ్ల కొనుగోళ్లు ఈయన చేతికొచ్చాయి. పైన ఓనర్లు గ్లేజర్ కుటుంబం. 2005లో క్లబ్‌ను కొనడానికి చేసిన అప్పును క్లబ్ నెత్తినే పెట్టినవాళ్లు.

లివర్‌పూల్ ఓనర్లు కూడా శుద్ధపూసలేం కాదు. 2010లో వచ్చి హాడ్జ్‌సన్, డాల్గ్లిష్, రోజర్స్ ముగ్గురు కోచ్‌లనూ పంపించారు. తేడా 2015 తర్వాతే కనిపిస్తుంది. కోచ్‌గా క్లాప్‌ను తెచ్చారు, మరుసటి ఏడాది మైకేల్ ఎడ్వర్డ్స్‌ను ఆటగాళ్ల కొనుగోళ్లు చూసే స్పోర్టింగ్ డైరెక్టర్‌ను చేశారు. క్లాప్ మొదటి సీజన్‌లో ఎనిమిదో స్థానం, ఓడిన ఫైనళ్లు రెండు. అయినా కదపలేదు. 2017లో క్లాప్ మనసు ఇంకో ఆటగాడి మీదుంటే, సలా అనే ఆటగాణ్ణే తీసుకుందామని నచ్చజెప్పింది ఎడ్వర్డ్స్ బృందమే. 2020లో, 30 ఏళ్ల తర్వాత, లీగ్ టైటిల్ వచ్చింది.

యునైటెడ్‌లో టెన్ హాగ్ తాను ముందు పనిచేసిన డచ్ క్లబ్ అయాక్స్‌లోని శిష్యుడు ఆంటొనీని అడిగితే 8 కోట్ల పౌండ్లకు పైగా పోశారు. సలా ధర అందులో దాదాపు సగం. వద్దని కోచ్‌కు చెప్పగలిగే మనిషి ఒక క్లబ్‌లో ఉన్నాడు, ఇంకో క్లబ్‌లో లేడు. నాకు కనబడే అసలు తేడా ఇదే. ఓపిక కూడా అలాంటి మనిషి ఉన్నచోటే పనికొస్తుంది.

మన హైదరాబాద్ ఎఫ్‌సీనే తీసుకోండి. 2022లో మన దేశ ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్‌లో చాంపియన్. జీతాల బాకీలు పెరిగి ఆటగాళ్లు వెళ్లిపోతే 2023–24లో అట్టడుగు. అక్కడ ఏ కోచ్ మాత్రం ఏం చేస్తాడు?

2024లో బ్రిటన్ వ్యాపారవేత్త ర్యాట్‌క్లిఫ్ యునైటెడ్‌లో పావు వంతుకు పైగా వాటా కొని ఆట పగ్గాలు పట్టాడు. ఇక గాడిన పడ్డట్టే అనుకున్నాను. జులైలో టెన్ హాగ్ కాంట్రాక్టు పొడిగించారు, అక్టోబర్‌లో పంపేశారు. ఏరికోరి తెచ్చుకున్న స్పోర్టింగ్ డైరెక్టర్ ఆష్‌వర్త్ అయిదు నెలలకే వెళ్లిపోయాడు. ఈ సాగనంపుళ్ల ఖర్చు 1.45 కోట్ల పౌండ్లు. ఆ సీజన్‌లో జట్టు స్థానం 15.

ఇదంతా చెబితే మా బావమరిది చాయ్ గ్లాసు కింద పెట్టి అడిగాడు: "అయితే బావా, ఓనర్లనెవరు పీకాలె?"

ఇంకో చాయ్ చెప్పాను.