సెకండ్‌హ్యాండ్ బోటు కోసం మూడు రోజుల తిరుగుడు

మొదటి రేవుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. బోటు ట్రైలర్ మీద కడిగిన ముత్యంలా ఉంది. అమ్మే ఆయన నవ్వుతూ ఎదురొచ్చారు. నేను నేరుగా అమరం, అంటే బోటు వెనక భాగం వైపు నడిచి ఇంజిన్ మూత మీద అరచెయ్యి పెట్టాను. వెచ్చగా తగిలింది.

“మీరొచ్చేలోపు ఒకసారి స్టార్ట్ చేసి చూశానండీ, మీకు ఇబ్బంది ఉండకూడదని” అన్నారాయన.

మంచి మనసుతోనే చేసి ఉండొచ్చు. కానీ వేడెక్కిన ఇంజిన్ ఎవరు తాళం తిప్పినా లేస్తుంది. రాత్రంతా చల్లారిన ఇంజిన్ ఎన్ని సెకన్లు కొట్టుకుని లేస్తుందో, లేచాక ఎలాంటి పొగ వదులుతుందో, నిలకడగా తిరగడానికి ఎంతసేపు పడుతుందో చూడటానికే మేం అంత దూరం వచ్చాం. “రేపు పొద్దున్నే వస్తాం, అప్పటిదాకా దయచేసి ముట్టుకోకండి” అని చెప్పి ఆ రాత్రికి అక్కడే ఆగిపోయాం.

మా జాబితాలో మొదట మూడు బోట్లుండేవి. మూడోదానికి ఎవిన్‌రూడ్ టూ-స్ట్రోక్ డైరెక్ట్ ఇంజెక్షన్ మోటారు. చేతికి తేలిక, లాగుడు బలంగా ఉంటుంది. అయితే ఆ మోటార్ల తయారీని బీఆర్‌పీ కంపెనీ 2020లో ఆపేసింది. పదేళ్లు వాడుకుందామని కొనేదానికి విడిభాగాల చింత ఎందుకని దాన్ని ఇంటి దగ్గరే కొట్టేశాం. మిగిలినవి రెండు. ఒకటి 21 అడుగుల డ్యుయల్ కన్సోల్: అణియంలో, అంటే ముందు భాగంలో కూర్చునే సీట్లు, ముందు గాజు అద్దం, చేపల వేటకూ కుటుంబంతో షికారుకూ రెండింటికీ పనికొస్తుందనే రకం. తొమ్మిదేళ్ల పాతది, మీటరు మీద 140 గంటలు. రెండోది 20 అడుగుల సెంటర్ కన్సోల్, నడిపే చోటు నడుమన ఉండే అచ్చమైన వేట బోటు. పన్నెండేళ్లది, 860 గంటలు తిరిగింది. రెండింటికీ 150 హార్స్‌పవర్ ఫోర్-స్ట్రోక్ అవుట్‌బోర్డ్ (బోటు వెనక బయట తగిలించే) మోటార్లే. మా ఆవిడకు మొదటిది నచ్చింది, నాకు రెండోది. మూడు గంటల దూరంలో ఉన్న రెండు రేవులనూ ఒకే ప్రయాణంలో చుట్టి రావాలని బయలుదేరాం.

ఆ రాత్రి బసకు రెండు చోట్లు దొరికాయి. హైవే పక్కన పెద్ద లాడ్జి ఒకటి, రేవు గట్టునే పాతబడిన గదులు రెండోది. గట్టునే దిగాం. గది ఇరుకు. రాత్రంతా తెరచాప బోట్ల తాళ్లు స్తంభాలకు కొట్టుకుంటూ టంగుమంటూనే ఉన్నాయి. తెల్లవారుజామున నాలుగింటికే ఇంజిన్లు మొదలయ్యాయి. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. కిటికీలోంచి ర్యాంపు కనబడేది. పాటు సమయంలో కాంక్రీటు ఎక్కడిదాకా ఉంది, ఎక్కడ పాచి పట్టి జారుతోంది, ట్రైలర్ చక్రం ఎక్కడ దిగబడుతుంది, అన్నీ మంచం మీంచే చూశాను. ఇంకొకరి బోటును నీళ్లలోకి దింపేటప్పుడు ఈ ఎరుక చాలా అక్కరకొస్తుంది.

పొద్దున ఏడింటికి ఇంజిన్ చల్లగానే ఉంది. మూడోసారి తాళం తిప్పితే గానీ లేవలేదు. లేచాక ఒక నిమిషం ఒడిదుడుకులు పడి తర్వాత కుదురుకుంది. మోటారు పక్క నుంచి పిచికారీలా కొట్టాల్సిన చల్లార్పు నీళ్లు సన్నగా జారుతున్నాయి. నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ మార్చి ఎన్నేళ్లయిందని అడిగితే ఆయనకు గుర్తులేదు. తొమ్మిదేళ్లలో 140 గంటలంటే ఏడాదికి 16 గంటలు కూడా కాదు. మిగతా కాలమంతా ఆ రబ్బరు రెక్కలు ఒకే వంపులో బిగుసుకుని ఉన్నాయి. ట్యాంకులోని పెట్రోలుదీ అదే సంగతి. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి అడుక్కి దిగిపోతాయి. ఇంజిన్‌కు వెళ్లే గొట్టం పీల్చేది ఆ అడుగునుంచే. ఫిల్టర్ విప్పి గాజు సీసాలోకి వంచితే అడుగున వేరే పొర స్పష్టంగా కనబడింది.

ప్రొపెల్లర్‌ను తిప్పే గేర్లుండే పెట్టె, గేర్‌కేస్, ఆయిల్ మరలు విప్పాం. పాలు కలిపినట్టు తెల్లగా వచ్చింది. అంటే లోపలికి నీళ్లు చేరుతున్నాయి. ప్రొపెల్లర్ తీసి చూస్తే ఇరుసుకు గాలపు తీగ చుట్టుకుని ఉంది. అదే సీలును కోసేసి ఉంటుంది. ఇవన్నీ బాగుచేయించుకోగల పనులే, నేను భయపడలేదు. నన్ను ఆపింది అక్కడి మెకానిక్ పద్ధతి. నాలుగు సిలిండర్లలో రెండింటి కంప్రెషన్ (లోపల గాలి ఎంత ఒత్తిడితో బిగుస్తుందో) కొలిచి “అంతా బాగుందండీ” అని పరికరాలు సర్దుకోబోయాడు. నాలుగూ కొలిస్తేనే ఆ పరీక్షకు అర్థం. సంఖ్య ఎంత వచ్చిందన్న దానికంటే నాలుగింటి మధ్య తేడా 10 శాతం లోపు ఉందా అన్నది ముఖ్యం. గట్టిగా అడిగితే మిగతా రెండూ కొలిచాడు. తేడా లేదు, సంతోషం. కానీ అడగకపోతే తెలిసేదే కాదు. మెకానిక్‌ను అమ్మేవారు పిలిస్తే వద్దని, మనమే వెతికి పెట్టుకోవాలని అక్కడ గట్టిగా అనిపించింది.

సముద్రంలో ఈ బోటుకు మంచి మార్కులే పడ్డాయి. ఆగి ఉన్నప్పుడు నలుగురూ ఒక పక్కకు చేరినా పెద్దగా ఒరగలేదు. V ఆకారపు అడుగు కాస్త చదునుగా, 17 డిగ్రీల కోణంలో ఉండటం వల్ల వచ్చిన సుఖం అది. ఆ చదునే గాలి లేచాక అలల మీద దబదబా కొట్టింది. థ్రాటిల్ పూర్తిగా తోస్తే ఇంజిన్ 5,000 ఆర్‌పీఎం దగ్గర ఆగిపోయింది. దాని కంపెనీ చెప్పిన పరిధి 5,000 నుంచి 6,000. సగం ట్యాంకుతో అంచున ఉన్నది నిండు ట్యాంకుతో, సామానుతో ఆ పరిధి కిందికి పడుతుంది. ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకు ముందుకు తోసే దూరం) ఒక్క అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది కాబట్టి అది కూడా దిద్దుకోవచ్చు.

గట్టుకు వచ్చాక మా ఆవిడ డెక్ మీద మోకాళ్లపై కూర్చుని అడిగింది: “పెట్రోలు ట్యాంకు ఎక్కడుందండీ?”

“మీ కిందేనమ్మా” అన్నారు ఆయన.

“కారితే ఎలా తీస్తారు?”

డెక్ మొత్తం ఒకే అచ్చులో పోసిన ఫైబర్. గేజి తీగల కోసం ఒక చిన్న గుండ్రటి మూత తప్ప ఇంకే దారీ లేదు. కింద అల్యూమినియం ట్యాంకు, చుట్టూ ఫోమ్. తడిసిన ఫోమ్ ఆనుకున్నచోట అల్యూమినియం గుంటలు పడి తినేస్తుంది. ట్యాంకు పోయిన రోజు నేలను రంపంతో కోయాలి. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నిజాయితీగా “కొయ్యాలేమో” అన్నారు. అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపు దగ్గరికీ అదే కథ. మోచేయి దాకా దూర్చినా నా వేళ్లు హోస్ క్లిప్పుకు అందలేదు. తనకు నచ్చిన బోటు అదేనని తెలుసు, అందుకే కారెక్కాక నేనేమీ అనలేదు. కాసేపటికి తనే “వద్దులెండి” అంది.

రెండో రోజు రాత్రి, రెండో రేవు కోసం, బస హైవే లాడ్జిలో. శుభ్రమైన గది, ట్రైలర్ తిప్పుకోగలిగేంత ఆవరణ. రేవుకు మాత్రం నలభై నిమిషాలు. మర్నాడు, బోటును పరీక్షించే సర్వేయర్ చెప్పిన వేళకు అందుకోలేక, పోటు తగ్గాక ర్యాంపు మీద గంటన్నర ఎదురుచూశాం. బోటు కొనడానికి వెళ్తే నీళ్ల పక్కనే దిగండి, గది ఎలా ఉన్నా సరే.

సెంటర్ కన్సోల్ చూడటానికి వెలిసిపోయి ఉంది. పైపూత, అంటే గెల్‌కోట్, తుడిస్తే చేతికి సుద్ద అంటుకుంది. సీటు కుట్లు విడిపోయాయి. ఇక్కడి మెకానిక్ ఆ ఇంజిన్ బ్రాండు పనే చేసేవాడు. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసి గుడ్డ మీద వరసలో పెట్టి, వాటి రంగు నాకు చూపించి, అప్పుడు కంప్రెషన్ కొలిచాడు. ల్యాప్‌టాప్ తగిలించి ఇంజిన్ ఏ వేగంలో ఎన్ని గంటలు తిరిగిందో తీసి చూపించాడు. ఎక్కువ భాగం 3,000–4,000 ఆర్‌పీఎం మధ్యే. బాగా నడిపిన మనిషి చేతిలో ఉందని ఆ పట్టీ చెప్పింది. గేర్ ఆయిల్ శుభ్రం. చల్లటి ఇంజిన్ తాళం తిప్పగానే లేచింది.

మేం పెట్టుకున్న సర్వేయర్‌కు ఇచ్చిన ప్రతి పైసా సార్థకమైంది. ప్లాస్టిక్ సుత్తితో ట్రాన్సమ్ (ఇంజిన్ తగిలించే వెనక గోడ) అంతా తట్టుకుంటూ వచ్చారు. గట్టిగా ‘టక్’మంటున్నది సోనార్ సెన్సార్ బిగించిన మరల దగ్గర ‘దబ్’ అంది. తేమ మీటరూ అక్కడే పైకెక్కింది. ఫైబర్ పొరల మధ్యనున్న ప్లైవుడ్‌లోకి మర రంధ్రాల గుండా నీళ్లు దిగాయి. ఇంజిన్ సగం పైకి వంచి, కింది రెక్కమీద బరువేసి నొక్కితే ట్రాన్సమ్ ఊగలేదు. తడి అరచెయ్యంత మేరే ఉందని తేల్చారు. కోసి, ఆరబెట్టి, ఎపాక్సీతో మూయాలి. బేరంలో ఆ ఖర్చు తగ్గించమని అడిగాం, ఒప్పుకున్నారు.

ఇక డెక్. కన్సోల్ వెనక మరలతో బిగించిన పెద్ద పలక. అరగంటలో విప్పేశాం. ట్యాంకు పైభాగం మొత్తం కంటికి కనబడింది. రబ్బరు పట్టీల మీద కూర్చుని ఉంది, చుట్టూ గాలి ఆడుతోంది, తుప్పు పొడి లేదు. మా ఆవిడ వంగి చేత్తో అంచుల కింద తడిమి చూసి, తల పైకెత్తి నావైపు చూసింది. ఆ చూపుతోనే నిర్ణయం అయిపోయింది.

లోపాలు లేవని కాదు. 21 డిగ్రీల కోణపు అడుగు పరుగులో అలను మెత్తగా కోస్తుంది. డిజైనర్ రే హంట్ గీసిన 24 డిగ్రీల డీప్-వీ (లోతైన V అడుగు) బోటు 1960లో మయామీ–నస్సావు మోటారు బోట్ల పందెం గెలిచినప్పటి నుంచి అందరూ నమ్మే సూత్రమే ఇది. కానీ ఆగి గాలం వేస్తే బాగా ఊగుతుంది. కడుపులో తిప్పేవాళ్లకు కష్టం. ముగ్గురు అమరంలో నిలబడితే డెక్ నీటి రంధ్రాల గుండా కాళ్లకింద తడి వచ్చింది. పిల్లలకు నీడ లేదు. అద్దం లేదు కాబట్టి తుంపర ముఖానికే. షికారే ప్రధానమైన వాళ్లకు నేను మొదటి బోటునే సిఫారసు చేస్తాను, ఆ ట్యాంకు సంగతి తెలిసి కొంటే.

కాగితాల పని త్వరగానే అయింది. బోటు వెనక చెక్కిన నంబరు చివరి రెండంకెలు మోడల్ ఏడాదిని చెబుతాయి. రిజిస్ట్రేషన్‌తో సరిపోయింది, అప్పు బాకీ లేదు. ట్రైలర్ టైర్లు మాత్రం అరగకపోయినా వాటి పక్కన ముద్రించిన నాలుగంకెల వారం–ఏడాది సంఖ్య చూస్తే ఎనిమిదేళ్లవి. అక్కడే మార్పించి బయలుదేరాం.

ఇరవై నిమిషాలు నడిపాక రోడ్డు పక్కన ఆపాను. బేరింగులు అరిగి ఉంటే చక్రపు హబ్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. నేను ఎడమవైపుకు, తను కుడివైపుకు వెళ్లాం.

“గోరువెచ్చగా ఉందండీ” అంది.

నావైపుదీ అంతే.