అంబాసిడర్‌కి ఐదు గేర్ల బాక్సుతో పాటు కొత్త క్లచ్: కొన్నేళ్లు నడిపాక

ముందే చెప్పేస్తున్నాను, ఈ క్లచ్ అంటే నాకు చాలా ఇష్టం. మా మార్క్ 4 పెట్రోల్ అంబాసిడర్‌కి స్టీరింగ్ పక్కనుండే హ్యాండ్ గేరు తీయించి, ఇసుజు ఇంజన్ అంబాసిడర్‌లో వచ్చిన ఐదు గేర్ల ఫ్లోర్ బాక్సు వేయించినప్పటి నుంచీ అందరూ ఐదో గేరు గురించే అడుగుతున్నారు. బాగానే ఉంది. శ్రీకాకుళం హైవే మీద ఇంజన్ గోల తగ్గింది, మాటలు వినిపిస్తున్నాయి. కానీ బండి ఎక్కినప్పుడల్లా నా కాలికి తెలిసే సుఖం మాత్రం క్లచ్‌దే.

పాతది నడిపినవాళ్లకు వివరించక్కర్లేదు. క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కి (ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం) నొక్కి పట్టేది స్ప్రింగుల ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కితే మోకాలి దాకా తెలిసేది. పైగా పెడల్ తొక్కినప్పుడు ఆ ప్లేటును నెట్టే రిలీజ్ బేరింగ్‌లో బాల్స్ ఉండవు, ఉన్నదల్లా కార్బన్ రింగు. పెడల్ నొక్కి ఉంచినంతసేపూ అది ఒరుసుకుని అరుగుతూనే ఉంటుంది. అందుకే రైల్వే గేటు పడితే న్యూట్రల్ చేసి కాలు తీసెయ్యమని నాన్నగారు గట్టిగా చెప్పేవారు. మా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి తొలేళ్ల నాడు గంటస్తంభం చుట్టుపక్కల ఇరుక్కుంటే, హాఫ్ క్లచ్‌లో పాకుతున్నంతసేపూ ఒకటే టెన్షన్. ఇప్పుడు ఆ స్ప్రింగుల బదులు పళ్లెంలాంటి ఒకే స్ప్రింగు ఉండే డయాఫ్రం ప్లేటు, బాల్ బేరింగ్. మా ఆవిడ ఈ బండి నడపడం మొదలుపెట్టింది కూడా ఇది పడ్డాకే.

ఇంజన్ మాత్రం పాత 1489 సీసీ బీఎంసీయే (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ డిజైన్). కాబట్టి ఫ్లైవీల్ ముఖం లేత్ మీద చదును చేయించి, ఇసుజు ప్రెషర్ ప్లేటుకు కొత్తగా బోల్టు రంధ్రాలు వేయించి, బ్యాలెన్స్ చేయించాం. బాక్సుకీ ఇంజన్‌కీ మధ్య అడాప్టర్ ప్లేటు పడింది. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ అన్నీ కొత్తవే కొన్నాం. బాక్సు ఎలాగూ కిందకి దిగింది కదా, సగం అరిగినది మళ్లీ ఎక్కించడం దండగ అన్నారు మా మేస్త్రి. ఆ మాట ఇప్పటికీ ఒప్పుకుంటాను.

అయితే ఏ షాపులోనూ దొరకని ముక్క ఒకటుంది. క్రాంక్ షాఫ్ట్ చివర రంధ్రంలో కూర్చుని గేర్‌బాక్సు షాఫ్ట్ మూతిని పట్టుకునే చిన్న గొట్టంలాంటి బుష్. దాని బయటి కొలత బీఎంసీది, లోపలి కొలత ఇసుజుది. అలాంటిది ఏ కంపెనీ చేయదు కాబట్టి ఒక లేత్ షాపులో ఇత్తడి కడ్డీ నుంచి తీయించాం. నా కోపమంతా ఆ ముక్క మీదే.

మొదట్లో ఏ తేడా తెలియలేదు. రథసప్తమికి అత్తయ్యనూ మావయ్యనూ తీసుకుని అరసవల్లి బయల్దేరాం. శ్రీకాకుళం ఊళ్లోకి వచ్చేసరికి బండ్లు ఆగుతూ కదులుతూ ఉన్నాయి. ఇంజన్ బాగా వేడెక్కింది. ఉన్నట్టుండి ఫస్ట్ గేరు పడటం మానేసింది. రివర్స్ వేయబోతే కర్రుమని అరుపు. గేరులో ఉంటే క్లచ్ పూర్తిగా తొక్కి ఉన్నా బండి కొద్దికొద్దిగా ముందుకు లాగుతోంది, ముందేమో భక్తులు నడుస్తున్నారు. ఆ పరిస్థితిలో బ్రేకు మీద నుంచి కాలు తీయడానికి భయం వేసింది. ఇంజన్ ఆపి, గేరు వేసి, గేరులోనే స్టార్ట్ చేస్తే ఒక కుదుపుతో కదిలింది. పెద్దవాళ్లను దింపి, బండి పక్కకు పెట్టి, దర్శనం అయ్యేదాకా చల్లారనిచ్చాం. సాయంత్రం గేర్లు వెన్నలా పడ్డాయి! వేడెక్కితే రోగం, చల్లారితే నయం.

విజయనగరం వచ్చాక చూసిన ప్రతివాళ్లూ పెడల్ ఒత్తిడిని ఫ్లూయిడ్ ద్వారా అందుకుని క్లచ్‌ను నెట్టే స్లేవ్ సిలిండర్‌లో గాలి చేరిందన్నారు. గాలి తీశాం, రబ్బర్లు మార్చాం. మళ్లీ అదే. అప్పుడు మేస్త్రి స్లేవ్ పుష్‌రాడ్ ఎంత దూరం కదులుతోందో చల్లగా ఉన్నప్పుడోసారి, వేడి మీద ఇంకోసారి కొలిచారు. రెండూ ఒక్కటే. వెనక చక్రాలు జాకీ మీద లేపి, క్లచ్ తొక్కించి, థర్డ్ గేరులో ఇంజన్ నడిపితే చల్లగా ఉన్నప్పుడు రెండు చక్రాలూ చేత్తో పట్టుకుంటే ఆగుతున్నాయి. వేడెక్కాక ఆగవు. "ఇది గాలి కాదు బాబూ, లోపలేదో పట్టేస్తంది" అన్నారు.

బాక్సు మళ్లీ దింపారు. షాఫ్ట్ మూతి మీద పసుపు పూసినట్టు ఇత్తడి అంటుకుని ఉంది. బుష్ కొలత బయట పెట్టి చూస్తే సరిపోయి ఉండొచ్చు. రంధ్రంలోకి బిగువుగా దిగ్గొట్టాక లోపలి కొలత ఇంకాస్త తగ్గుతుంది. వేడికి ఇత్తడి ఉక్కు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. బయటికి పోవడానికి చోటు లేదు కాబట్టి లోపలికే నొక్కుకుని షాఫ్ట్‌ను పట్టేసింది. క్లచ్ విడిపోయినా బుష్ ద్వారా ఇంజన్ గేర్‌బాక్సును తిప్పుతూనే ఉంది.

దాన్ని బయటికి తీసిన పద్ధతి చూడాలి. వెనక దారి లేని రంధ్రం అది. బుష్ నిండా గ్రీజు కూరి, సరిగ్గా పట్టే రాడ్డు పెట్టి సుత్తితో కొడుతుంటే, గ్రీజే వెనక నుంచి బుష్‌ను నెట్టుకొచ్చింది. ఈసారి నూనె పీల్చుకునే రకం కంచుతో బుష్ చేయించి, రాత్రంతా ఇంజన్ ఆయిల్‌లో నాననిచ్చి, బిగించాక మళ్లీ లోపలి కొలత చూసి, షాఫ్ట్ చేత్తో తిరుగుతోందని తేల్చుకున్నాకే బాక్సు ఎక్కించారు. ఆ తర్వాత ఎండాకాలం సాలూరు ఘాట్ మీదుగా కోరాపుట్ వెళ్లొచ్చాం. రివర్స్ ఒక్కసారీ అరవలేదు.

మొదట్లో తెలిసినవాళ్లందరికీ ఈ క్లచ్‌కి వంక పెట్టడానికి లేదని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఈ బీఎంసీ ఇంజన్ క్రాంక్ వెనక రబ్బరు సీలు ఉండదు, షాఫ్ట్ మీద స్క్రూ మరలాంటి గాడి మాత్రమే ఆయిల్‌ను లోపలికి లాగుతుంది. ఇంజన్ పాతబడితే అక్కడ కారుతుంది, ప్లేటు ఎంత కొత్తదైనా ఆ తడి తగులుతుంది. మా బండి వేడి మీద ఎత్తులోకి రివర్స్ తీస్తే ఇప్పుడు సన్నగా వణుకుతోంది. ఇంజన్ విప్పితే గానీ అది పూర్తిగా పోదని మేస్త్రి అంటున్నారు. ఐదో గేరు కూడా ఈ ఇంజన్‌కి చదును రోడ్డు మీదే. ఘాట్‌లో అది ఉన్నా లేనట్టే.

నాది ఇంటి బండి. ఆదివారాలు, పండగలు, పెళ్లిళ్లకు తిరిగేది. నమ్మకమైన మేస్త్రి ఇంటికి దగ్గర్లో ఉన్నారు కాబట్టి రెండోసారి బాక్సు దింపిన లేబర్ ఖర్చు భరించగలిగాను. రోజూ కిరాయికి తిప్పేవాళ్లు, వింటేజ్ ర్యాలీకి అసలు రూపంలోనే ఉంచాలనుకునేవాళ్లు హ్యాండ్ గేరు జోలికి పోకపోవడమే మంచిదేమో. చేయించాలనే ఉంటే క్లచ్ సెట్టు ఏ కంపెనీదో తర్వాత అడగండి. ముందు ఆ బుష్ ఏ లోహంతో చేస్తున్నారో, బిగించాక లోపలి కొలత ఎవరు చూస్తారో అడగండి.