న్యూటన్ వలయాలను ఇంటికి పంపిన సెమిస్టరు: వర్చువల్ ల్యాబ్స్‌పై ఒక సమీక్ష

2020లో కళాశాలలు మూతపడినప్పుడు థియరీ పాఠాలు ఏదో ఒక విధంగా నడిచాయి. నల్లబల్ల మీద రాసేది కాగితం మీద రాసి ఫోటో తీసి పంపాము, చెప్పేది ఫోనులో చెప్పాము. ప్రాక్టికల్స్ విషయంలో మాత్రం భౌతికశాస్త్రం బోధించే మా వంటివారికి ఏం చేయాలో పాలుపోలేదు. బి.ఎస్‌సి. విద్యార్థికి వేవ్ ఆప్టిక్స్ పేపరు ఉందంటే న్యూటన్ వలయాలు, స్పెక్ట్రోమీటరు, గ్రేటింగ్ ప్రయోగాలు చేసి రికార్డు రాయవలసిందే. సోడియం దీపాన్నీ, సూక్ష్మమైన దూరాలను కొలిచే ట్రావెలింగ్ మైక్రోస్కోపునూ ఎవరి ఇంటికీ పంపలేము కదా. ఆ సెమిస్టరులో నేను ఆశ్రయించినది వర్చువల్ ల్యాబ్స్, అంటే ఇంటర్నెట్‌లో కంప్యూటరు తెర మీదే ప్రయోగాలు చేయించే సేవ. ఆ తరవాత కూడా దాన్ని వాడుతూనే ఉన్నాను కనుక, అది ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తోటి అధ్యాపకులకు చెప్పడం మేలనిపించింది.

ఇది కేంద్ర ప్రభుత్వం ఐసీటీ (సమాచార, ప్రసార సాంకేతికత) ద్వారా విద్య అనే జాతీయ మిషన్ కింద చేపట్టిన పథకం. ఐఐటీ ఢిల్లీ సమన్వయం చేస్తుండగా పలు ఐఐటీలు, మన హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ, అమృత విశ్వవిద్యాపీఠం వంటి సంస్థలు తలా కొన్ని ల్యాబులను తయారుచేశాయి. రుసుము ఏమీ లేదు. నేను ఎక్కువగా వాడినవి అమృత వారి భౌతికశాస్త్ర ప్రయోగాలు. ఒక్కో ప్రయోగానికి సిద్ధాంతం, చేసే విధానం, స్వీయ పరీక్ష, సిమ్యులేటర్ (తెర మీద కదిలించగల నకలు పరికరం), అసైన్‌మెంటు అని వేర్వేరు పుటలు ఉంటాయి. ఈ అమరికలోనే ఒక మేలు ఉంది. మా ల్యాబులో విద్యార్థి సిద్ధాంతం చదవకుండానే పరికరం దగ్గరికి వచ్చేస్తాడు, పక్కవాడి అబ్జర్వేషన్ బుక్కు చూసి పట్టిక గీసుకుంటాడు. ఇక్కడ కూడా నేరుగా సిమ్యులేటర్‌కి దూకవచ్చు కానీ, స్వీయ పరీక్షలోని ప్రశ్నలకు జవాబులు రాసి పంపమన్నప్పుడు చాలామంది వెనక్కి వెళ్ళి చదివారు.

న్యూటన్ వలయాల ప్రయోగాన్నే తీసుకుందాం, ఎందుకంటే ఈ సేవ బలమూ బలహీనతా రెండూ అందులోనే కనబడతాయి. సమతల గాజు పలక మీద సమతల కుంభాకార కటకాన్ని (ఒకవైపు చదునుగా, ఒకవైపు ఉబ్బుగా ఉండేది) ఉబ్బువైపు కిందికి ఉంచి పసుపుపచ్చని సోడియం కాంతిని పడనిస్తే, రెంటి మధ్యనున్న పలుచని గాలి పొర వల్ల నలుపూ పసుపూ వలయాలు ఒకదాని చుట్టూ ఒకటి ఏర్పడతాయి. మైక్రోస్కోపులో కనబడే అడ్డగీతను (క్రాస్ వైరును) ఒక్కో వలయం అంచుకు తాకిస్తూ ఎడమవైపు రీడింగు, కుడివైపు రీడింగు తీసి, తేడాను వ్యాసంగా రాసుకోవాలి. తెర మీద కూడా చేయవలసింది ఇదే. కాంతి తరంగదైర్ఘ్యాన్ని, కటకపు వక్రతా వ్యాసార్ధాన్ని, మధ్యనున్న యానకాన్ని మార్చుకోవచ్చు. ఈ చివరి సదుపాయం నాకు ఎంతో నచ్చింది. గాలికి బదులు నీరు పెడితే వలయాలు దగ్గరికి ముడుచుకుంటాయని మేము నోటితో చెప్పడమే తప్ప, కటకం కింద నీటి చుక్క వేసి చూపించే ఓపికా సమయమూ ల్యాబు గంటల్లో దొరకవు. వక్రతా వ్యాసార్ధం 100 సెంటీమీటర్లు ఉన్నప్పుడు ఇరవయ్యో నల్లని వలయపు వ్యాసం గాలిలో దాదాపు 0.69 సెంటీమీటర్లు, నీటిలో దాదాపు 0.60 సెంటీమీటర్లు. ఈ రెండు అంకెలనూ విద్యార్థి తన ఇంట్లో కూర్చుని, తన కంటితో చూసి రాసుకున్నాడంటే అది చిన్న విషయం కాదు.

మొదటి వారం నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. అందరికీ ఒకే కటకం, ఒకే దీపం ఇచ్చాను. వచ్చిన రికార్డుల్లో పద్నాలుగు మంది రీడింగులు మూడో దశాంశ స్థానం దాకా ఒకటే. నిజమైన ల్యాబులో అయితే కాపీ కొట్టినవాళ్ళని అక్కడే పట్టుకునేదాన్ని. ఇక్కడ మాత్రం నిజాయితీగా చేసినా అవే అంకెలు వస్తాయి కనుక ఎవరినీ అనడానికి వీల్లేదు. రెండో వారం నుంచి రోల్ నంబరును బట్టి ఒక్కొక్కరికి ఒక్కో వక్రతా వ్యాసార్ధం ఇచ్చి, సిమ్యులేటర్ తెరను ఫోటో తీసి రికార్డుకు అంటించమన్నాను. దాంతో కాపీ తగ్గడమే కాక, వ్యాసార్ధం పెరిగితే వలయాలు ఎందుకు పెద్దవవుతాయన్న చర్చ వాట్సాప్ గుంపులో పిల్లల మధ్య దానంతటదే మొదలైంది. ఈ సేవను వాడే అధ్యాపకులకు నేనిచ్చే మొదటి సలహా ఇదే, ఎవరి అంకెలు వారికి ఇవ్వండి.

అసలు చిక్కు ఇంకొక చోట బయటపడింది. రెండు వలయాల వ్యాసాల వర్గాల తేడాను తీసుకుని, దానినుంచి తరంగదైర్ఘ్యం లెక్కగట్టే సూత్రం మన పుస్తకాలన్నింటిలో ఉంటుంది. సోడియం కాంతికి అది 5893 ఆంగ్‌స్ట్రామ్‌లు రావాలి (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పదికోట్లవ వంతు). ఒక అమ్మాయి ఫోను చేసి, "మేడమ్, తీసివేత ఎందుకండీ? పదో వలయం ఒక్కటి తీసుకున్నా 5893 ఆంగ్‌స్ట్రామ్‌లే వస్తోంది, ఇరవయ్యోది ఒక్కటి తీసుకున్నా అదే వస్తోంది" అంది. ఆ పిల్ల అన్నది అక్షరాలా నిజం. తెర మీది కటకం గాజు పలకను సరిగ్గా ఒక్క బిందువు దగ్గర తాకుతుంది, నడిమి చుక్క నల్లగా వస్తుంది, కనుక ఏ వలయాన్ని తీసుకున్నా జవాబు సరిపోతుంది. మా ల్యాబులోని కటకం కింద దుమ్ము ఉంటుంది, వేలిముద్ర ఉంటుంది. కటకం వెంట్రుకవాసి పైకి లేచి నిలబడుతుంది, ఒక్కోసారి నడిమి చుక్క నల్లగా కాక పసుపుగా వస్తుంది. అప్పుడు ఏది ఎన్నో వలయమో ఖాయంగా చెప్పలేము. ఆ తెలియని మొత్తాన్ని రద్దు చేయడానికే తీసివేత. ఫోనులో ఇది ఆమెకు ఇరవై నిమిషాలు వివరించాను. అర్థమైందనే అంది కానీ, దుమ్ము లేని చోట దుమ్ము గురించి చెప్పడం ఎంత కష్టమో నాకు ఆ రోజే తెలిసింది.

స్క్రూను ఒకే దిశలో తిప్పాలన్న నియమం సంగతీ ఇంతే. నిజమైన మైక్రోస్కోపులో స్క్రూను ముందుకు తిప్పి మళ్ళీ వెనక్కి తిప్పితే కొంత దూరం మర చుట్టూ తిరుగుతుందే గాని మైక్రోస్కోపు కదలదు, రీడింగు తప్పుతుంది. తెర మీద వెనక్కి జరిపినా ముందుకు జరిపినా తప్పు రాదు. మామూలు రోజుల్లో మా విద్యార్థుల ఫలితాలు 5700 నుంచి 6100 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా ఉండేవి, ఆ తేడా ఎందుకొచ్చిందో చెప్పమనడమే మా వైవాలో (మౌఖిక పరీక్షలో) సగం. ఆ సెమిస్టరు రికార్డుల్లో అందరికీ 5893 వచ్చింది కాబట్టి వైవాలో అడగడానికి నాకే ప్రశ్నలు కరువయ్యాయి.

ఇక ఈ ప్రయోగాలను ఏ యంత్రం మీద చేయాలన్న విషయం. ఈ ల్యాబుల సిమ్యులేటర్లు చాలావరకు కంప్యూటరు ముందు కూర్చునే విద్యార్థిని ఊహించుకుని, బ్రౌజరులో బొమ్మలను కదిలించే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ వెలుగుతున్న కాలంలో తయారైనవి. ఫోన్లలో ఫ్లాష్‌కు ఏనాడో కాలం చెల్లింది. అడోబీ సంస్థ దాన్ని 2020 డిసెంబరు 31తో పూర్తిగా ఆపేస్తామని 2017లోనే ప్రకటించింది కూడా. చేతిలో ఫోను తప్ప మరేమీ లేని విద్యార్థులకూ ఈ ల్యాబులకూ, ఆ కాలానికి, జోడీ కుదిరేది కాదు. తరవాత ప్రయోగాలను కొత్త పద్ధతికి మార్చుతూ వచ్చారు, ఇప్పుడు అనేకం ఫోను బ్రౌజరులోనే నడుస్తాయి. ఆనాడు మాత్రం ఊళ్ళో ల్యాప్‌టాప్ ఉన్న ఒక్కరింట్లో ముగ్గురు నలుగురు వంతులవారీగా చేసి వచ్చారు. ఒక అబ్బాయి వాళ్ళ ఊరి మీసేవ కేంద్రంలో జనం తగ్గాక సాయంత్రం ఆరు దాటి చేసేవాడు. సిగ్నల్ సంగతి వేరే చెప్పనవసరం లేదు, కొందరు మేడ మీదికెక్కి కూర్చుని రీడింగులు తీశారు. సిమ్యులేటర్ ఒకసారి తెరుచుకున్నాక డేటా పెద్దగా తినదు కనుక, రోజువారీ ప్యాక్‌లో వీడియో పాఠాలకంటే ఇదే చవక అయింది.

భాష ఇంకొక అడ్డంకి. వివరణ అంతా ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివి వచ్చిన పిల్లలకు విధానం పుట చదవడమే ఒక ప్రయోగమైంది. ఒక్కో ప్రయోగానికి అయిదారు నిమిషాల ఆడియో తెలుగులో రికార్డు చేసి పంపాను. ఏ మీట నొక్కితే ఏం కదులుతుందో, పట్టికలో ఏ గడిలో ఏం రాయాలో అందులో చెప్పాను. ఈ పని ఎవరైనా ఒక్కసారి చక్కగా చేసి పెడితే మన రెండు రాష్ట్రాల కళాశాలలన్నింటికీ ఉపయోగపడుతుంది.

మెచ్చుకోవలసినది ఒకటి మిగిలింది. కాంతిని రెండు దారుల్లో పంపి మళ్ళీ కలిపి వెలుగు చీకటి పట్టీలు చూపే మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటరు మా వంటి కళాశాలల్లో ఉండదు. పుస్తకంలో బొమ్మ చూసి, పరీక్షలో బొమ్మ గీసి, డిగ్రీ పూర్తి చేసి వెళ్ళిపోతారు. ఇక్కడ అద్దాన్ని జరుపుతూ పట్టీలు ఒక్కొక్కటిగా దాటిపోవడం లెక్కపెట్టవచ్చు. అద్దం జరిగిన దూరానికి రెట్టింపును పట్టీల సంఖ్యతో భాగించి లేజరు తరంగదైర్ఘ్యం రాబట్టవచ్చు. సిలబస్‌లో ప్రాక్టికల్‌గా లేకపోయినా పదకొండు మంది దీన్ని చేసి పంపారు, మార్కులు ఇవ్వనని ముందే చెప్పినప్పటికీ.

ల్యాబు తెరిచాక ముందుగా న్యూటన్ వలయాలే చేయించాను. పట్టిక గీయడంలో, లెక్క కట్టడంలో ఆ బ్యాచ్ అంతకు ముందు బ్యాచ్‌లకంటే చురుకుగా ఉంది, ఇది ఈ సేవ పుణ్యమే. స్క్రూ దగ్గర మాత్రం అందరూ వెనక్కీ ముందుకీ తిప్పారు. నాకు ఫోను చేసిన అమ్మాయి మైక్రోస్కోపులోంచి చాలాసేపు చూసి, "మధ్యలో చుక్క పసుపుగా ఉంది మేడమ్" అని, నేను ఏమీ అనకముందే కటకం తీసి మెత్తటి బట్టతో తుడవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు దీన్ని ప్రయోగానికి ముందు రోజు సాయంత్రపు పనిగా ఇస్తున్నాను. మరుసటి రోజు ల్యాబులో రెండు గంటల పని గంటన్నరలో అయిపోతోంది, మిగిలిన అరగంట దుమ్ము గురించీ స్క్రూ గురించీ మాట్లాడుకోవడానికి మిగులుతోంది. కాంతి వంగిన కోణాన్ని కొలిచే స్పెక్ట్రోమీటరుకు మాత్రం ఇది వద్దంటాను. టెలిస్కోపును ఫోకస్ చేయడం, ప్రిజం బల్లను సమతలం చేయడం చేతికి రావలసిన విద్యలు, వాటిని తెర మీద ముందే చూస్తే ఎంతో సులువన్న భ్రమ కలుగుతోంది.