కొండవాలు అపార్ట్‌మెంట్‌కు ఏ పూచీ మేలు: ఇంజినీరు సంతకమా, సర్కారు చెకింగా?

మా బావగారు విశాఖలో కొండ పక్కన ఒక ఫ్లాట్ చూసొచ్చారు. సముద్రం కనిపిస్తుందట, గాలి బాగా వస్తుందట. "వెనక గోడ చూశారా?" అంటే, "గోడేముంది చూడ్డానికి?" అన్నారు. నా టెన్షన్ అంతా ఆ గోడతోనే.

1993 డిసెంబర్ 11, శనివారం మధ్యాహ్నం. మలేషియాలో కౌలాలంపూర్‌ను ఆనుకుని ఉన్న ఉలు క్లాంగ్‌లో హైలాండ్ టవర్స్ అనే మూడు బ్లాకుల అపార్ట్‌మెంట్ ఉండేది. పన్నెండేసి అంతస్తులు, వెనక మెట్లు మెట్లుగా చెక్కిన నిటారు కొండ. రోజుల తరబడి కురిసిన వానకు వెనకున్న రిటైనింగ్ గోడలు, అంటే కొండ మట్టి జారకుండా ఆపే గోడలు, కూలాయి. జారిన మట్టి ఒకటో బ్లాకు పునాదిని తోసేయడంతో బ్లాకు మొత్తం ఒరిగి పడిపోయింది. 48 మంది చనిపోయారు.

అంతకు 21 ఏళ్ల ముందు, 1972 జూన్ 18న, హాంకాంగ్‌లోనూ ఇదే జరిగింది. మూడు రోజుల్లో 650 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. పో షాన్ రోడ్డు కింది కొండచరియ జారి ఒక అపార్ట్‌మెంట్‌ను పడగొట్టింది. 67 మంది పోయారు. ప్రమాదాలు రెండూ ఒకే రకం. ఆ తర్వాత ఈ రెండు చోట్లా పట్టిన దారులు మాత్రం వేరు.

ముందు సంతకం పద్ధతి సంగతి. ఇందులో లెక్క సులువు: డిజైన్ చేసిన ఇంజినీరే అంతా సరిగ్గా ఉందని రాసిస్తాడు, తేడా వస్తే అతని మెడకే చుట్టుకుంటుంది. ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు, పని తొందరగా అవుతుంది. హైలాండ్ టవర్స్‌కు సర్టిఫికెట్ ఇచ్చింది పేరుకు మున్సిపాలిటీయే అయినా, అది నమ్ముకున్నది ఇంజినీరు ఇచ్చిన కాగితాన్నే. డ్రెయిన్ల పని పూర్తయిందని ఆయన రాసిచ్చాడు. ఆమోదించిన ప్లాన్‌లో అప్పటికి అయింది పదో వంతేనని కోర్టు తేల్చింది. ఆర్కిటెక్ట్ పని చేసిన మనిషికి ఉన్నదేమో రెండంతస్తుల ఇళ్లు గీసే లైసెన్సు!

పునాది కథ ఇంకా ఘోరం. వాడినవి రైలు పట్టాలు. ఇనప పట్టాను నేలలోకి దిగ్గొడితే పైనుంచి వచ్చే బరువును బాగానే మోస్తుంది. పక్క నుంచి మట్టి నెడితే మాత్రం తట్టుకోలేదు. బిల్డింగ్ నిలువు బరువుకు లెక్క వేశారు, కొండ తోపును వదిలేశారు. కొండవాలు, గోడలు తన పని కాదని ఇంజినీరు వాదించాడు. వెనక వాలు నిలబడుతుందో లేదో చూసుకోకుండా దాని ముందు పునాది ఎలా వేస్తావన్నది కోర్టు ప్రశ్న. నాకైతే ఇంజినీరింగ్ నైతికత గురించి క్లాసులో చెప్పే పాఠాలన్నీ ఈ ఒక్క ప్రశ్నలోనే ఉన్నాయనిపిస్తుంది. "నా స్కోపులో లేదు" అన్న మాట మన సైట్లలోనూ రోజూ వినిపించేదేగా.

మరి మెడకు చుట్టుకుందా? 2000లో హైకోర్టు బాధ్యతను పంచింది. ఇంజినీరుకు 10 శాతం, బిల్డర్‌కు 15, మున్సిపాలిటీకి 15 పడింది. అన్నిటికంటే పెద్ద వాటా, 30 శాతం, పైన ఉన్న స్థలం యజమాని అయిన ఫైనాన్స్ కంపెనీది. 2006లో ఫెడరల్ కోర్టు, భవనం కూలకముందు జరిగిన వాటికి చట్టమే రక్షణ ఇస్తోందంటూ మున్సిపాలిటీని వదిలేసింది. బిల్డింగ్ పడ్డ పదమూడేళ్లకు! అంటే సంతకం చేసినవాడి మీద పడింది పదో వంతు, అదీ మనుషులు పోయాక. పైగా జారిన వాలులో చాలా భాగం బిల్డింగ్ స్థలంలోనే లేదు. పక్కవాడి కొండకు మన ఇంజినీరు సంతకం ఏం చేస్తుంది?

ఇంత జరిగాక కూడా 2007లో మలేషియా, భవనం పూర్తయిందన్న సర్టిఫికెట్ ఇచ్చే పనిని మున్సిపాలిటీ నుంచి తీసి ప్రాజెక్టు ఆర్కిటెక్ట్, ఇంజినీర్లకే అప్పజెప్పింది. వాలుల కోసం ప్రభుత్వ పనుల శాఖలో వేరే విభాగం పెట్టిన మాటా నిజమే.

హాంకాంగ్ 1977లో వాలుల కోసమే ఒక ప్రభుత్వ ఆఫీసు పెట్టింది. కొండ తవ్వాలన్నా, గోడ కట్టాలన్నా ప్రైవేటు ఇంజినీరు వేసిన లెక్కను అక్కడి ఇంజినీర్లు మళ్లీ చూస్తారు. వాళ్ల జీతం బిల్డర్ ఇచ్చేది కాదు. మనుషులు చెక్కిన వాలులకు, గోడలకు నంబర్లిచ్చి రిజిస్టర్ రాశారు. ఇప్పుడు సుమారు 60 వేలున్నాయి. రోడ్డు పక్క గోడకు ఆ నంబరు రాసిన చిన్న పలక బిగించి ఉంటుంది. ప్రైవేటు వాలు ప్రమాదంగా ఉంటే బాగు చేయించమని యజమానికి నోటీసు పంపుతారు. హైలాండ్ టవర్స్ పైన ఉన్న ఫైనాన్స్ కంపెనీకి అలాంటి నోటీసు వెళ్లి ఉంటే!

ఇదీ లోపం లేనిదేం కాదు. 1994లో హాంకాంగ్‌లోనే క్వున్ లుంగ్ లౌ దగ్గర పాత రాతి గోడ కూలి ఐదుగురు చనిపోయారు. లెక్కల్లో అనుకున్న మందం కంటే అసలు గోడ పలచగా ఉంది. భూమిలోని పైపులు కారి మట్టి నానిపోయింది. చెక్ చేసిన కాగితం ఒకటి, నేలలో ఉన్నది ఇంకొకటి. ఖర్చూ ఎక్కువే, ఆలస్యమూ ఉంటుంది. అయినా నా ఓటు దీనికే.

తెలంగాణలో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ ఇంటి అనుమతుల పద్ధతి వచ్చాక 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు సొంత ధ్రువీకరణతోనే అనుమతి వస్తోంది. చదును నేల మీద చిన్న ఇంటికి అది మంచిదే, లంచాల బెడద తగ్గుతుంది. కొండవాలుకు మాత్రం ఆ దారి వద్దంటాను. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో రాత్రి వానకు గోడ కూలి క్యూలో ఉన్న ఏడుగురు భక్తులు చనిపోయారు. అది కొత్తగా కట్టిన గోడే.

బావగారికి చెప్పింది ఒక్కటే. మంచి వాన పడుతున్నప్పుడు వెళ్లి, వెనక గోడలోని పైపు రంధ్రాలు చూడండి. నీళ్లు కారుతుంటే డ్రెయిన్ పని చేస్తున్నట్టే. కొండంతా తడిసినా రంధ్రాలు పొడిగా ఉన్నాయంటే అవి పూడుకుపోయి నీళ్లు గోడ వెనకే నిలిచి ఉండొచ్చు. అప్పుడు ఆ గోడను ఎవరు డిజైన్ చేశారో, బిల్డర్ డబ్బులివ్వని ఇంజినీరు ఎవరైనా చూశారో అడగండి. ఆయన ఇంకా వెళ్లలేదు, వాన కోసం చూస్తున్నారు.