పెదవాల్తేరులో బోర్డు లేని హోటల్, అందులో బోస్టన్ బేరాల పుస్తకం

పెదవాల్తేరు నుంచి లాసన్స్ బే కాలనీ వైపు వెళ్లే దారిలో, ఒక సందు మొదట్లో ఈ టిఫిన్ హోటల్ ఉంది. పేరు చెబుదామంటే దానికి బోర్డు లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు పైకప్పు రేకులతో పాటు బోర్డూ ఎగిరిపోయింది. రేకులు మళ్లీ వేయించారు కానీ బోర్డు వేయించలేదు. లోపల ఆరు బల్లలు, ఒక పెద్ద ఇనప పెనం, గోడకు ఒక టీవీ ఉంటాయి. పొద్దున్నే ఆ టీవీలో అమెరికా బాస్కెట్‌బాల్ వస్తుంది. అక్కడి తూర్పు తీరంలో రాత్రి ఏడున్నరకు మొదలయ్యే ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) మ్యాచ్ చలికాలంలో మనకు సరిగ్గా ఉదయం ఆరింటికి మొదలవుతుంది. పెనం కాగేవేళకు మొదటి క్వార్టర్, రెండో వాయి ఇడ్లీ దిగేసరికి సగం ఆట.

నేను స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ జట్టుకు గార్డుగా ఆడాను. నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. ఆదివారాలు పిల్లలతో కోర్టులో సాధన ముగించుకుని 2008 నుంచి ఇక్కడికే వస్తున్నాను.

ముందు తిండి సంగతి. పెసరట్టు ఉప్మా రూ. 70. ఇక్కడ తినవలసింది అదే. పొట్టు పెసలను మరీ మెత్తగా రుబ్బరు, పంటికి కాస్త తగిలేలా ఉంచుతారు. అల్లం, పచ్చిమిర్చి పిండిలోనే కలిపి, పైన ఉల్లిపాయ ముక్కలు చల్లి, అంచులు ఎర్రగా కాలేవరకు ఓపికగా ఆగుతారు. అల్లం పచ్చడిలో బెల్లం, చింతపండు ఒకదాన్నొకటి మింగెయ్యకుండా ఉంటాయి. నేను విశాఖలో చాలాచోట్ల పెసరట్టు తిన్నాను. పిండిని ఇంత గౌరవంగా చూసే చేయి మరొకటి కనబడలేదు. ఇడ్లీ మామూలే. పూరీ నూనె పీలుస్తుంది, వద్దు. కాఫీలో పంచదార తగ్గించమని పదిహేడేళ్లుగా చెబుతున్నాను, తగ్గలేదు.

ఇక ఈ హోటల్ గురించి నేను రాయడానికి అసలు కారణం గల్లాపెట్టె పక్కన ఉండే ఎర్ర అట్ట ఖాతా పుస్తకం.

యజమానిని మేమంతా బాబాయి గారూ అంటాం. ఆయన అన్నయ్య సరుకు ఓడల్లో పనిచేసేవారు. 1986లో ఓడ బోస్టన్ రేవులో ఆగినప్పుడు ఒక పచ్చ జెర్సీ కొని తెచ్చారు. ఆ ఏడాది ఎన్‌బీఏలో ఆ ఊరి జట్టు బోస్టన్ సెల్టిక్స్ ఛాంపియన్. ఆ జెర్సీ అద్దాల పటంలో, దేవుడి పటాల పక్కన ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి ఈ ఇంటికి ఆ జట్టే సొంత జట్టు. 2007 వేసవిలో సెల్టిక్స్ వరసగా రెండు పెద్ద ట్రేడ్‌లు (ఆటగాళ్ల మార్పిడి బేరాలు) చేసినప్పుడు హోటల్లో వాదన ముదిరి, ఒకాయన కాఫీ గ్లాసు బల్లకేసి కొట్టాడట. "నోటితో అంటే రేపు కాదంటారు, రాసి పెట్టండి" అని బాబాయి గారు పుస్తకం తెరిచారు.

పద్ధతి ఇది. ట్రేడ్ జరిగిన వారంలోగా ఎవరి అభిప్రాయం వారు ఎడమ పేజీలో తేదీ వేసి, సంతకం పెట్టి రాయాలి. కుడి పేజీ ఖాళీగా వదలాలి. ఏళ్లు గడిచాక, ఫలితం తేలిందని అందరూ ఒప్పుకున్నప్పుడు కుడి పేజీలో రాయాలి. ఎడమ పేజీలో రాయనివారికి కుడి పేజీలో రాసే హక్కు లేదు. ఎడమ పేజీలో ఒక్క అక్షరం కూడా కొట్టివేయకూడదు.

ఈ చివరి రెండు నియమాల కోసమే నేను ఈ హోటల్‌ను నెత్తిన పెట్టుకుంటాను. పాత ట్రేడ్‌ల మీద తీర్పు చెప్పేవాళ్లందరూ ఫలితం తెలిశాకే నోరు విప్పుతారు. పంట ఇంటికొచ్చాక విత్తనం మంచిదనడానికి ఏ రైతూ అక్కర్లేదు. విత్తేరోజున ఎవరికి ఏమి తెలుసు, ఎవరు ఏమనుకున్నారు అన్నదే నాకు కావాలి. అది ఈ పుస్తకంలో బాల్‌పెన్ను సిరాతో, నూనె మరకలతో సహా ఉంది.

2007 పేజీని చూడండి. అంతకు ముందు సీజన్లో సెల్టిక్స్ 24 గెలిచి 58 ఓడింది. ఏటా కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో బాగా ఓడిన జట్లకు ముందు వంతులు వస్తాయి, వాటి వరసను లాటరీ తేలుస్తుంది. ఆ లాటరీలోనూ కలిసిరాక అయిదో స్థానం దక్కింది. ఆ అయిదో పిక్‌ను (ఎంచుకునే వంతును) మరో ఇద్దరు ఆటగాళ్లతో కలిపి సియాటిల్‌కు ఇచ్చి రే అలెన్‌ను తెచ్చుకున్నారు. నెల తిరిగాక అయిదుగురు ఆటగాళ్లను, రెండు మొదటి రౌండు పిక్‌లను మిన్నెసోటాకు ఇచ్చి కెవిన్ గార్నెట్‌ను తీసుకున్నారు. "ఒక్కడికి ఏడుగురా? ఇల్లమ్మి ఏనుగును కొన్నారు" అని షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరైన మావయ్య గారు రాశారు. మరుసటి సీజన్లో 66 గెలుపులు, ఆపై టైటిల్. చివరి మ్యాచ్‌లో లేకర్స్‌పై 131–92. ఆ పేజీ గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు. గెలిచిన ట్రేడ్ మీద వాదన తొందరగా చల్లారిపోతుంది.

నేను ఎక్కువసేపు కూర్చునేది 2013 పేజీ దగ్గర.

ఆ జూన్ నెలాఖరున వార్త వచ్చింది. పాల్ పియర్స్, గార్నెట్, జేసన్ టెరీలను బ్రూక్లిన్ నెట్స్‌కు ఇచ్చేస్తున్నారు. బదులుగా మనకు పెద్దగా పనికిరాని కొందరు ఆటగాళ్లు, 2014, 2016, 2018 మొదటి రౌండు పిక్‌లు, 2017లో కావాలంటే మన పిక్ ఇచ్చి వాళ్ల పిక్ తీసుకునే, అంటే తారుమారు చేసుకునే హక్కు. సంవత్సరం విడిచి సంవత్సరం ఎందుకని మా స్కూలు పిల్లలు అడుగుతుంటారు. 1980ల మొదట్లో క్లీవ్‌లాండ్ యజమాని టెడ్ స్టెపియన్ తన మొదటి రౌండు పిక్‌లను ఎడాపెడా పంచిపెట్టి జట్టును గుల్ల చేశాడు.  దాంతో ఏ జట్టూ రాబోయే రెండు వరస సంవత్సరాల్లో మొదటి రౌండు పిక్ లేకుండా ఉండకూడదని లీగ్ నియమం పెట్టింది. తారుమారు హక్కు దానికి అడ్డురాదు. తారుమారైనా చేతిలో ఒక పిక్ మిగులుతుంది కదా. ఆ సన్నని సందులోంచే సెల్టిక్స్ 2017ను కూడా లాక్కుంది.

ఎడమ పేజీలో నా రాత ఇలా ఉంది: "పియర్స్ పదిహేను సీజన్లు మనకే ఆడాడు. అతన్ని పంపి తెచ్చుకున్నవి ఇంకా పుట్టని పిల్లలకు పెట్టిన పేర్లు. తప్పు." బాబాయి గారు ఒక్క వాక్యం రాశారు: "ఒకరికి 35, ఒకరికి 37. సంతకు తోలుకెళ్లేందుకు ఇదే ఆఖరి ఏడు." ఆ మాటకు నేను రెండు వారాలు హోటల్‌కు వెళ్లలేదు.

తర్వాత జరిగింది తెలిసిందే. నెట్స్ మరుసటి సీజన్లో 44 గెలిచి, ప్లేఆఫ్స్ (టైటిల్ కోసం ఆడే చివరి దశ) రెండో రౌండులో మయామీ చేతిలో ఇంటిదారి పట్టింది. 2015–16లో 21, 2016–17లో 20 గెలుపులకు పడిపోయింది. వారి ఓటములన్నీ మన పిక్‌లుగా మారాయి. 2016లో మూడో పిక్‌తో జేలెన్ బ్రౌన్ వచ్చాడు. 2017లో తారుమారు హక్కుతో ఏకంగా మొదటి పిక్ వచ్చింది, ఆ దారిలోనే జేసన్ టేటమ్ వచ్చాడు.

ఇప్పుడు అందరూ దీన్ని అప్పట్లో సెల్టిక్స్ బేరాలు నడిపిన డానీ ఐంజ్ దూరదృష్టి అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. ఆ రోజు బ్రౌన్ వయసు 16, జేసన్ టేటమ్ వయసు 15. ఇద్దరూ బడి పిల్లలు. ఎడమ పేజీలో పదకొండు సంతకాలున్నాయి, ఒక్కదానిలోనూ వారి పేర్లు లేవు. ఉండే అవకాశమే లేదు. ఐంజ్ చూసింది రెండే విషయాలు. తన చేతిలో ఉన్నవారి మోకాళ్లు, ఎదుటివారి తొందర. నెట్స్ బ్రూక్లిన్‌కు వచ్చి ఏడాదే అయింది. జట్టును కొన్నప్పుడు అయిదేళ్లలో టైటిల్ తెస్తానని యజమాని మిఖాయిల్ ప్రోఖొరోవ్ మాట ఇచ్చి ఉన్నాడు. డెరాన్ విలియమ్స్, జో జాన్సన్, బ్రూక్ లోపెజ్‌ల పక్కన పియర్స్, గార్నెట్ నిలబడితే కాగితం మీద అది భయపెట్టే జట్టే. నెట్స్ వాళ్లను మూర్ఖులనడం నాకు నచ్చదు. గడువు పెట్టుకున్న మనిషి బేరానికి వెళ్తే ఏమవుతుందో అదే జరిగింది. అమ్మేవాడికి ఆ గడువు కనబడింది. అంతవరకే దూరదృష్టి, మిగిలినదంతా ఓపికగా కూర్చోవడం.

ఆ జో జాన్సన్ ఎవరో తెలుసా? 2001లో సెల్టిక్స్ పదో పిక్‌తో ఎంచుకుని, మొదటి సీజన్ ముగియకముందే ఫీనిక్స్‌కు ఇచ్చేసిన కుర్రాడు. ఆ తర్వాత ఏడుసార్లు ఆల్‌స్టార్ (లీగ్ మేటి ఆటగాళ్లలో ఒకడు) అయ్యాడు. కానీ అతన్నిచ్చి తెచ్చుకున్న రాడ్నీ రోజర్స్, టోనీ డెల్క్‌లతో సెల్టిక్స్ 2002లో ఈస్ట్ ఫైనల్స్ (లీగ్ తూర్పు సగం జట్ల ఆఖరి పోరు) దాకా వెళ్లింది. ఆ ట్రేడ్ ఈ పుస్తకంలో ఉండి ఉంటే ఎడమ పేజీ నిండా మెచ్చుకోళ్లే ఉండేవని నా నమ్మకం.

2017 జూన్ పేజీ మరీ విలువైనది. చేతికొచ్చిన మొదటి పిక్‌ను సెల్టిక్స్ ఫిలడెల్ఫియాకిచ్చి మూడో పిక్‌ను, భవిష్యత్తులో మరో మొదటి రౌండు పిక్‌ను తీసుకుంది. తొమ్మిది మంది రాస్తే ఎనిమిది మంది తప్పన్నారు, నేనూ అన్నాను. షిప్‌యార్డు మావయ్య గారొక్కరే "వాళ్లకు కావలసినవాడు మూడులోనే దొరుకుతాడేమో" అని రాశారు. ఫిలడెల్ఫియా మార్కెల్ ఫుల్ట్జ్‌ను తీసుకుంది, సెల్టిక్స్ టేటమ్‌ను తీసుకుంది. ఫుల్ట్జ్ భుజానికి జబ్బు చేసి బంతి విసిరే తీరే మారిపోయింది. దానికి ఫిలడెల్ఫియాను ఎలా తప్పుపడతాం? కుడి పేజీలో నేను మావయ్య గారికి మార్కులు వేశాను కానీ ఫిలడెల్ఫియాకు కోత పెట్టలేదు. దీనిమీద మాకింకా రాజీ కుదరలేదు. ఫిలడెల్ఫియా ఇచ్చిన ఆ భవిష్యత్తు పిక్ 2019లో రోమియో లాంగ్‌ఫర్డ్ అయింది. ఆ లాంగ్‌ఫర్డ్‌ను 2022 ఫిబ్రవరిలో మరికొన్నిటితో కలిపి శాన్ ఆంటోనియోకిచ్చి డెరిక్ వైట్‌ను తెచ్చారు. 2023 మే 28, ఆదివారం ఉదయం మయామీ మీద ఒక సెకను కూడా మిగలని క్షణంలో వైట్ రింగు దగ్గర బంతిని తిరిగి లోపలికి నెట్టి 104–103తో గెలిపించాడు. ఆ రోజు పెనం మీద నాలుగు పెసరట్లు మాడాయి, ఎవరూ డబ్బు తగ్గించమని అడగలేదు.

ఇక 2017 ఆగస్టు పేజీ. దాన్ని తెరవడం నాకు ఇప్పటికీ కష్టం.

ఐజయా థామస్ అయిదడుగుల తొమ్మిది అంగుళాల మనిషి. 2011 డ్రాఫ్ట్‌లో అరవయ్యోవాడిగా, అందరికంటే చివర ఎంపికయ్యాడు. 2016–17లో సెల్టిక్స్ తరఫున మ్యాచ్‌కు సగటున 28.9 పాయింట్లు చేశాడు. పొట్టిగా ఉన్న నా విద్యార్థులందరికీ నేను చూపించింది అతని ఆటే. ఆ ఏప్రిల్‌లో సెల్టిక్స్ మొదటి ప్లేఆఫ్స్ మ్యాచ్‌కు ఒక రోజు ముందు అతని చెల్లెలు కారు ప్రమాదంలో చనిపోయింది. మర్నాడే ఆడాడు. మే 2న, ఆమె పుట్టినరోజున, వాషింగ్టన్ మీద 53 పాయింట్లు చేశాడు. తుంటి గాయంతోనే ఆడి ఆడి ఆగిపోయాడు. ఆగస్టులో అతన్ని, జే క్రౌడర్‌ను, నెట్స్ నుంచి రావలసిన 2018 పిక్‌ను మరికొన్నిటితో కలిపి క్లీవ్‌లాండ్‌కిచ్చి కైరీ అర్వింగ్‌ను తీసుకున్నారు.

ఎడమ పేజీలో నేను "ఇది న్యాయం కాదు" అని మాత్రమే రాశాను. ఆ తర్వాత థామస్ క్లీవ్‌లాండ్‌కు 15 మ్యాచ్‌లే ఆడాడు, మునుపటి ఆట తిరిగి రాలేదు. నెట్స్ పిక్ ఎనిమిదో స్థానంలో తేలి కొలిన్ సెక్స్‌టన్ అయింది. అర్వింగ్ రెండు సీజన్లు ఆడి 2019లో వెళ్లిపోయాడు, అదీ బ్రూక్లిన్‌కే. లాభనష్టాలు కూడితే సెల్టిక్స్ పెద్దగా పోగొట్టుకున్నది లేదు. "టీచరమ్మా, కుడి పేజీ రాయండి, లెక్క తేలిపోయింది కదా" అని బాబాయి గారు పెన్ను ఇచ్చారు. రాశాను: "లెక్క సరిపోయింది. ఎడమ పేజీలో రాసిన మాట మాత్రం లెక్క గురించి కాదు." ఆయన చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, పుస్తకం మూసి పెట్టారు. ఆ రోజు నా కాఫీకి డబ్బు తీసుకోలేదు.

2024 జూన్ 18, మంగళవారం ఉదయం డాలస్‌పై 106–88తో పద్దెనిమిదో టైటిల్ వచ్చినప్పుడు హోటల్లో నిలబడే చోటు లేదు. ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడు జేలెన్ బ్రౌన్. బాబాయి గారు 2013 పేజీ తీసి ఎడమవైపు రాతలన్నీ గట్టిగా చదివారు, నాదీ చదివారు. కాలేజీ కుర్రాళ్లు నవ్వారు. వాళ్ల మీద నాకు కోపం రాలేదు, కానీ ఎవరైనా ఆ పేజీని ముందు తమ చేత్తో రాసి, పదకొండేళ్లు ఆగి, తర్వాత నవ్వాలి. కుడివైపు నేను "బాబాయి గారిది సరైన మాట, నాది నిజమైన బాధ" అని రాసి తేదీ వేశాను.

లోపాలూ చెప్పాలి. పుస్తకానికి విషయ సూచిక లేదు. ఏ ట్రేడ్ ఎక్కడుందో వెతకాలంటే బాబాయి గారే దిక్కు, ఆయనకు డెబ్బై దాటాయి. తుపానుకు తడిసిన పేజీల్లో 2011లో కెండ్రిక్ పెర్కిన్స్‌ను ఒక్లహోమా సిటీకి పంపిన ట్రేడ్ సగం చెరిగిపోయింది. మావయ్య గారు తిట్టిన తిట్లన్నీ అందులోనే పోయాయి. పాత ట్రేడ్‌లు పుస్తకంలో అసలే లేవు. 1956లో ఎడ్ మెకాలీ, క్లిఫ్ హేగన్‌లనిచ్చి తెచ్చుకున్న బిల్ రస్సెల్ 13 సీజన్లలో 11 టైటిళ్లు తెచ్చాడు. ఇంత పెద్ద బేరానికి ఒక పేజీ అయినా ఉండాలని నేను అడిగాను. "ఆ రోజు మనం లేము కదమ్మా" అని ఆయన ఒప్పుకోలేదు. రస్సెల్ కోసం ఒక్క మినహాయింపు ఇచ్చి ఉండవలసిందని ఇప్పటికీ అంటాను. పేజీలన్నీ ఫోనుతో ఫొటోలు తీసి పెడతానని రెండుసార్లు అడిగాను, ఈ మధ్యే సరేనన్నారు. వచ్చే ఆదివారం నుంచి మొదలుపెడుతున్నాను.

వెళ్లేవారికి వివరాలు: ఉదయం అయిదున్నరకు తెరుస్తారు, పదిన్నరకు కట్టేస్తారు. సోమవారం సెలవు, ఫైనల్స్ ఉంటే సెలవు లేదు. కారు పెట్టుకునే చోటు లేదు, బండి మీద వెళ్లడం మేలు. తొమ్మిది దాటితే అల్లం పచ్చడి అయిపోతుంది. 2008 టైటిల్ కూడా మనకు జూన్ 18 ఉదయమే వచ్చింది కనుక ఏటా ఆ రోజు వచ్చినవారందరికీ రవ్వ కేసరి ఉచితం. పుస్తకం చూడాలంటే చేతులు కడుక్కుని అడగండి, ఇస్తారు. రాయాలంటే పెన్ను మీరే తీసుకెళ్లండి.