యాక్రిలిక్కా, పాలీకార్బొనేటా: టూరింగ్ బైకుకు ఏ విండ్‌షీల్డ్?

హైదరాబాదు నుంచి శ్రీశైలం ఘాట్ దాకా తరచూ తిరిగే బైకుకు కొత్త విండ్‌షీల్డ్ వేయించేటప్పుడు, ఆకారం కన్నా ముందు చూడవలసింది అది దేనితో చేసినదన్నదే. యాక్రిలిక్ అనే ప్లాస్టిక్ గాజులా స్పష్టంగా ఉంటుంది, సన్నని గీతలు పాలిష్‌తో పోతాయి; అయితే లారీ చక్రం కింద నుంచి ఎగిరిన కంకర రాయి బలంగా తగిలితే బీట వారుతుంది, ఆ బీట స్క్రూ రంధ్రం దాకా పాకుతుంది. పాలీకార్బొనేట్ అనే మరో ప్లాస్టిక్ అదే దెబ్బను తట్టుకుంటుంది గాని, గట్టి పైపూత లేనిదైతే దుమ్మును పొడిగుడ్డతో తుడిచినా గీతలు పడతాయి (తడిగుడ్డ పరిచి కాసేపు నాననివ్వాలి), పెట్రోలూ, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనరూ దాన్ని పాడుచేస్తాయి. విజయవాడ వైపు 65వ నంబరు జాతీయ రహదారిపై లారీల వెనుక గంటల తరబడి నడిపేవారికి పైపూత ఉన్న పాలీకార్బొనేటే మేలని నా అభిప్రాయం. ఏది కొన్నా, వానలో దాని పై అంచు మీదుగా రోడ్డు కనిపించాలి.